నాచుకి తిథులు తెలుసని కనిపెట్టిన బడిపంతులు

సముద్రం ఒడ్డున రాళ్ళని అంటిపెట్టుకుని బతికే నాచుకి అమావాస్య ఎప్పుడో, పౌర్ణమి ఎప్పుడో తెలుస్తుందంటే మనలో ఎంతమంది నమ్ముతాం? దానికి కళ్ళు లేవు, చెవులు లేవు, మెదడు అసలే లేదు. అయినా పక్షానికోసారి ఆ ఒడ్డున ఉన్న మొక్కలన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే తమ బీజాల్ని నీళ్ళలోకి వదులుతాయి. ఈ సంగతిని ఓపిగ్గా లెక్కగట్టి 1905లో లోకానికి చెప్పినాయన పేరు జాన్ లాయిడ్ విలియమ్స్. ఇంగ్లండుకి పడమటి పక్కన ఉండే వేల్స్ ఆయన దేశం. అక్కడ ఈయన్ని జానపద పాటలు కూడబెట్టిన పెద్దమనిషిగా ఎరుగుదురు. వృక్షశాస్త్రం వాళ్ళకి మాత్రం ఆయన నాచు విలియమ్స్. మొదట ఆయన ఒక పల్లెటూరి బడిపంతులు.

మేము ఓక్‌విల్‌లో భవనాలు కట్టే సైట్లలో సూపర్‌వైజర్ పని చేసేవాళ్ళం. చదివింది పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా. మాకు నాచుతో ఏం పని అంటారా? మా ఊరికి సముద్రమే లేదు, ఒంటారియో సరస్సు ఉంది. అది చూడ్డానికి సముద్రంలాగే ఉంటుంది గానీ అందులో ఆటుపోట్ల తేడా అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. మా సైటులో క్రేన్ నడిపిన ఒక పెద్దాయనది వేల్స్. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా దగ్గర కూర్చుని వాళ్ళ భాష గురించీ, వాళ్ళ పాటల గురించీ చెప్పేవారు. ఆ మాటల్లోనే విలియమ్స్ పేరు విన్నాం. చలికాలం పనులు మందగించినప్పుడు లైబ్రరీలో కూర్చుని వెతికితే పాటల పక్కన ఈ నాచు సంగతి బయటపడింది. దుబాయ్‌లో, కువైట్‌లో, సింగపూర్‌లో సముద్రం పక్కనే ఉంటున్న మనవాళ్ళకి ఇది చెప్పకుండా ఉండలేకపోయాం.

విలియమ్స్ 1854 జూలై 10న ఉత్తర వేల్స్‌లో లాన్‌రూస్ట్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. కొన్వీ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అక్కడ 1636లో కట్టిన మూడు కమానుల రాతి వంతెన మీద ఇప్పటికీ బళ్ళు నడుస్తున్నాయి. (వంతెన కనపడితే ఆగిపోవడం మా వృత్తి జబ్బు, మన్నించాలి.) ఆ రోజుల్లో ఇంట్లో వెల్ష్ భాష, బడిలో ఇంగ్లీషు. మన దగ్గర ఇంటి భాష ఒకటీ బడి భాష ఒకటీ అయిన పిల్లల అవస్థే అక్కడా. చదువుకోవాలన్న పేదింటి కుర్రాడికి ఉన్న దారి ఒక్కటే, పంతులు ఉద్యోగం. బాంగర్ పట్నంలో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చదివి, 1875లో, అంటే 21వ ఏట, గార్న్‌డోల్బెన్‌మైన్ అనే పల్లెలో హెడ్‌మాస్టరుగా చేరారు.

అక్కడ పద్ధెనిమిదేళ్ళు ఉన్నారు. ఒక పక్క స్నోడోనియా కొండలు, ఇంకో పక్క నాలుగైదు మైళ్ళలో సముద్రం. సెలవు దొరికితే కొండకి, లేకపోతే ఒడ్డుకి.  పుస్తకం తెప్పించుకోవడం, మొక్క పట్టుకుని పుస్తకంతో సరిచూసుకోవడం, అంతే. మంచుయుగం పోయాక కొండల చల్లటి చరియల్లో మాత్రమే మిగిలిపోయిన ధ్రువప్రాంతపు పూల మొక్కలు కొన్ని స్నోడోనియాలో ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో బాగా తెలిసిన కొద్దిమందిలో ఈ పల్లెటూరి పంతులు ఒకరయ్యారు. కిల్లార్నీ ఫెర్న్ అనే బహు అరుదైన మొక్కని కూడా 1880ల్లో ఆ కొండల్లో ఆయన చూశారు. ఇంగ్లండులో ఫెర్న్ మొక్కల పిచ్చి ముదిరి జనం కొండల్ని ఊడ్చేసుకుపోయిన కాలం అది. అందుకని దొరకడమే విశేషం.

ఆయన బాంగర్‌లో ట్రైనింగ్ అయిననాటికి ఉత్తర వేల్స్‌లో యూనివర్సిటీ కాలేజీయే లేదు. అది 1884లో వచ్చింది. దాని కోసం పలక రాతి గనుల కార్మికులు తమ కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకున్నారు. ఆ సంగతి చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. మన ఊళ్ళలో కూడా బడి గదులు చందాలతోనే లేచాయి కదా, గల్ఫ్ డబ్బుతో కట్టినవీ ఉన్నాయి.

1893లో విలియమ్స్ హెడ్‌మాస్టర్ ఉద్యోగం వదిలేశారు. అప్పటికి ఆయన వయసు 39. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో విద్యార్థిగా చేరారు. పెన్షను దాకా కదలనక్కర్లేని ఉద్యోగం వదిలి, తనకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవడం ఎంత కష్టమో ఆ వయసుకి దగ్గర పడుతున్న మాకు తెలుసు. ఇక్కడ మనవాళ్ళు ఎంతోమంది డిప్లొమాకి గుర్తింపు లేదంటే మళ్ళీ రాత్రి క్లాసులకి వెళ్ళి పరీక్షలు రాస్తున్నారు. మర్నాడు ఆరింటికల్లా సైటులో ఉండాలి. ఈ వయసులో చదువెందుకన్న మాట ఆయనా వినే ఉంటారు.

లండన్‌లో ఆయనకి బ్రెట్‌లాండ్ ఫార్మర్ అనే ప్రొఫెసర్ దొరికారు. ఇద్దరూ కలిసి ఫ్యూకస్ అనే గోధుమరంగు నాచు మీద పనిచేశారు. ఇక్కడ కొంచెం ఆగి ఫ్యూకస్ సంగతి చెప్పుకోవాలి. పోటు వచ్చినప్పుడు మునిగి, ఆటు దిగినప్పుడు బయటపడే రాళ్ళ మీద చల్లటి సముద్రాల్లో ఇది దట్టంగా పెరుగుతుంది. కెనడా తూర్పు తీరంలో నోవాస్కోషియా, న్యూబ్రన్స్‌విక్ వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, కాలు పెడితే జారిపోయే తోలు పట్టీల్లాంటి నాచు. కాపుకి వచ్చినప్పుడు దాని కొసలు బొబ్బల్లా ఉబ్బుతాయి. ఆటు దిగి గాలి తగిలితే తోలు బిగుసుకుని లోపలి జిగురు బయటికి కారుతుంది. మగ మొక్క జిగురు నారింజ రంగు, ఆడ మొక్కది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. మళ్ళీ పోటు వచ్చి తడపగానే ఆ జిగురులోని కణాలు నీళ్ళలో విడిపోతాయి, ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ త్యూరే 1850ల్లోనే మగ, ఆడ జిగుళ్ళని కలిపి చూసి, మగ కణం తగలకపోతే అండం మొలకెత్తదని నిరూపించాడు. ఫార్మర్, విలియమ్స్ చేసింది ఆ తర్వాతి మెట్టు. అండం లోపల ఏం జరుగుతుందో, రెండు కేంద్రకాలు ఎలా కలుస్తాయో, ఒక్కో సంచిలో ఎనిమిది అండాలు ఎలా ఏర్పడతాయో పలచటి పొరలు కోసి రంగులద్ది మైక్రోస్కోపు కింద చూపించారు. 1896లో, 1898లో రాయల్ సొసైటీ వాటిని అచ్చు వేసింది. మూడేళ్ళ కిందట పల్లెటూళ్ళో అక్షరాలు దిద్దించిన మనిషి పేరు రాయల్ సొసైటీ పేజీల్లో.

1897లో బాంగర్ యూనివర్సిటీ కాలేజీలో అసిస్టెంట్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అదే, గని కూలీల చందాలతో లేచిన కాలేజీ. బాంగర్ ఉన్నది మెనాయ్ జలసంధి ఒడ్డున. వేల్స్‌కీ ఆంగ్లసీ దీవికీ నడుమ ఇరుకు నీటి పాయ అది. పెద్ద పోటు రోజుల్లో నీటి మట్టం ఆరేడు మీటర్లు ఎక్కి దిగుతుంది.

ఆ నీటితో ఎలా పనిచేయాలో మా వృత్తి వాళ్ళు విలియమ్స్ కంటే ముందే నేర్చుకున్నారు. 1826లో టెల్ఫర్డ్ అక్కడ వేలాడే వంతెన కట్టాడు. తర్వాత స్టీవెన్సన్ రైలు కోసం బ్రిటానియా వంతెన కట్టాడు. ఒక్కోటి పదిహేను వందల టన్నులకి పైబడిన ఇనుప గొట్టాల్ని ఒడ్డున తయారుచేసి, 1849 జూన్ నుంచి, పోటు నీళ్ళ మీద పడవల్లాంటి తెప్పలతో తేల్చి స్తంభాల మధ్యకి తెచ్చారు. నీళ్ళు ఎక్కినప్పుడు తేలాలి, నిలకడగా ఉన్న కాసేపట్లో స్థానంలోకి రావాలి, దిగేటప్పుడు గూట్లో కూర్చోవాలి. ఆ గడియ తప్పితే అంతే సంగతులు. రెడీమిక్స్ లారీ వచ్చి నిలబడ్డాక పంపు పనిచేయకపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఈ కంగారు విడిగా చెప్పక్కర్లేదు. (ఆ గొట్టాలు 1970లో నిప్పంటుకుని పాడయ్యాయి, ఇప్పుడున్న వంతెన తీరు వేరు.) అదే నీళ్ళలో ఒక చిన్న నాచు కూడా గడియ చూసుకుని పని చేస్తోందని తేల్చడం విలియమ్స్ వంతు.

ఆ నాచు పేరు డిక్టియోటా. గోధుమరంగుది, రిబ్బను ముక్కలా పలచగా ఉంటుంది, ప్రతి కొసా రెండుగా చీలుతూ పోతుంది. జానెడు పొడవుంటే గొప్ప. బాగా ఆటు దిగినప్పుడు మాత్రమే బయటపడే కింది మట్టంలో, రాతి గుంటల్లో పెరుగుతుంది. అంటే దాన్ని చూడాలన్నా అమావాస్య, పౌర్ణమి దగ్గర పెట్టుకుని వెళ్ళాలి. ఇందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు, సిద్ధబీజాల మొక్క వేరు. మూడూ పైకి ఒకేలా ఉంటాయి.

దీని మగ కణాలకి కదలిక లేదని అంతకు ముందు పుస్తకాలన్నీ రాశాయి. రాసినవాళ్ళు చిన్నవాళ్ళు కారు, త్యూరే వంటి పెద్దలు. ఎర్ర నాచుల్లోలాగా అవి నీటి వాలుకి కొట్టుకుపోవాల్సిందేనని అందరూ అనుకున్నారు. 1897లో విలియమ్స్ అది తప్పని చూపించారు. మగ కణానికి ఒక పొడుగాటి కశాభం ఉంది, చిన్న తోకలాంటిది. దాంతో అది ఈదుతుంది. మరి అంత గొప్పవాళ్ళకి ఎందుకు కనపడలేదు? ఆయన తర్వాతి పని చదివితే సమాధానం మాకు ఇలా తోచింది. ఆ కణాలు బయటికి వచ్చేది పక్షంలో కొద్ది రోజులే, అదీ తెల్లవారిన కాసేపటికి. తీరిగ్గా మధ్యాహ్నం ఏదో ఒక రోజు నాచు కోసుకుని లాబ్‌కి తెచ్చుకున్నవాడికి కదలని కణాలే కనిపిస్తాయి. మైక్రోస్కోపు ఎంత మంచిదైనా వేళ కాని వేళ చూస్తే ఏం లాభం?

ఇక ఆ వేళ ఏమిటో తేల్చే పనిలో పడ్డారు. ఇక్కడ ఆటుపోట్ల లెక్క రెండు మాటల్లో. రోజుకి ఇంచుమించు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు అన్నది చాలా తీరాల్లో మామూలే. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో లాగుతారు కాబట్టి ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందంగా ఉంటాయి. ఇది మన చేపల వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. ఉప్పాడలోనో భీమిలిలోనో ఏ ముసలాయన్ని అడిగినా తిథి చెప్పి నీటి మట్టం చెప్తాడు.

విలియమ్స్ చూసింది ఏమిటంటే, డిక్టియోటా మగ, ఆడ మొక్కలు కాపుని పంటల్లాగా పక్షానికొకటి చొప్పున వేస్తాయి. ఒక పంట బీజాలు మొక్క ఒంటి మీద చిన్న చిన్న మచ్చలుగా మొదలవుతాయి. మగ మొక్క మీద తెల్లటి మచ్చలు, ఆడ మొక్క మీద ముదురు గోధుమ మచ్చలు. ఒక మొక్క మీది మచ్చలన్నీ ఒకే వయసువి. పక్క మొక్క మీదివీ అదే వయసు. రెండు పెద్ద పోట్ల నడుమ అవి ఎదుగుతాయి, పెద్ద పోటు వచ్చి వెళ్ళిన కొద్ది రోజుల్లో పండుతాయి. పండినాక ఒక ఉదయాన చాలా భాగం ఒక్కసారే ఖాళీ. ఖాళీ అయిన చోటు పక్కనే మళ్ళీ కొత్త పంట మొదలు. ఎండాకాలం అంతా ఇదే వరస. ఇది తేలాలంటే ఒక్క రోజు చూస్తే కుదరదు. వరసగా వారాల తరబడి నాచు తెచ్చి, కోసి, కొలిచి, పోటు పట్టికతో సరిచూసుకోవాలి. సైటు డైరీ రాసినట్టు రాయాలి. నాగా పెడితే ఆ పంట లెక్క పోయినట్టే.

దీనివల్ల నాచుకి ఏం ఒరుగుతుంది? చాలా ఒరుగుతుంది. సముద్రంలో కణం పడిందంటే నీటి బొట్టులో ఉప్పు పడ్డట్టే, విడిపోయి కనపడకుండా పోతుంది. డిక్టియోటా అండానికి ఆయుష్షు తక్కువ, ఫలించే వ్యవధి కొద్దిసేపే. మగ మొక్క ఈ రోజు, ఆడ మొక్క రేపు వదిలాయంటే రెండూ వృథా. అందరూ ఒకే గడియకి వదిలితేనే నాలుగు కలుస్తాయి. మన పెళ్ళి ముహూర్తాల్లో తాత పెట్టిన గడియ తప్పినా పిల్లలు పుడతారు గానీ, నాచుకి ముహూర్తం తప్పితే వంశమే లేదు.

ఇదే వరసలో 1904లో ఇంకో గట్టి సంగతి తేల్చారు. మగ, ఆడ మొక్కల కణాల్లో 16 క్రోమోజోములు, పైకి అచ్చం అలాగే ఉండే సిద్ధబీజాల మొక్కలో 32. అంటే ఒక తరం 16తో, మరో తరం 32తో, ఒకదాని తర్వాత ఒకటి. ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకి తరాల ఏకాంతరత అనే పాఠం గుర్తుండే ఉంటుంది. నాచుల్లో ఆ పాఠానికి తొలి గట్టి రుజువుల్లో ఇదొకటి.

పక్షం లెక్క ఉందని చెప్పడం ఒక ఎత్తు, నాచుకి అది ఎలా తెలుస్తుందో చెప్పడం ఇంకో ఎత్తు. పోటు ఎక్కి దిగేకొద్దీ మొక్కకి అందే వెలుతురు మారుతుంది కాబట్టి ఆ వెలుతురే కారణం కావచ్చని విలియమ్స్ అనుకున్నారు. అది నిలిచిందా? తొందరలోనే చిక్కులు వచ్చాయి. 1907లో అమెరికాలో నార్త్ కరోలినా తీరంలో హోయ్ట్ అనే ఆయన చూస్తే అక్కడి డిక్టియోటా పక్షానికి కాదు, నెలకి ఒక్కసారే కాపు వదులుతోంది. 1910లో ఇటలీలో నేపుల్స్ దగ్గర లూయిస్ చూస్తే, పోటు ఉందా లేదా అన్నట్టు ఉండే ఆ నీళ్ళలో కూడా పక్షం లెక్క నడుస్తోంది. నీళ్ళు పెద్దగా ఎక్కి దిగని చోట వెలుతురు మార్పు ఎక్కడిది? నీళ్ళది కాకపోతే ఇక మిగిలింది చంద్రుడే. కానీ చంద్రుణ్ణి నాచు చూస్తుందని అప్పట్లో గట్టిగా అనడానికి రుజువు ఎవరి దగ్గరా లేదు.

ఇవన్నీ చేస్తున్న రోజుల్లోనే ఆయన రెండో బతుకు ఇంకోటి ఉంది. పాట. బడిపంతులుగా ఉన్నప్పటి నుంచీ పిల్లలకి పాటలు నేర్పేవారు. లూ టెగిడ్ అనే కవి మాటలు రాస్తే ఈయన స్వరం కట్టిన సంగీత నాటకాన్ని వెల్ష్ ఊళ్ళలో జనం ఇష్టంగా ఆడుకున్నారు. బాంగర్ కాలేజీలో విద్యార్థులని ఒక బృందంగా చేర్చి, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మలూ తాతలూ పాడే పాటలు రాసుకుని రమ్మనేవారు. 1906లో కార్‌నార్వన్‌లో వెల్ష్ జానపద గీతాల సంఘం పుట్టింది. 1909లో దాని పత్రిక మొదలైంది. మొదటి సంచిక నుంచి చనిపోయే దాకా, ముప్ఫై ఆరేళ్ళు, ఆయనే సంపాదకులు. వేల్స్‌లో చర్చి పాటల జోరు కింద పాత పల్లె పాటలు మరుగున పడుతున్న కాలం అది. ఎవరైనా కూర్చుని రాసుకోకపోతే పాడే ముసలివాళ్ళతోపాటే పోయేవి.

మాకైతే ఈ రెండు పనులూ ఒకటే పనిలాగా కనిపిస్తాయి. నాచు దగ్గరా వేళకి వెళ్ళి ఉండాలి, పాడే ముసలమ్మ దగ్గరా వేళకి వెళ్ళి ఉండాలి. ఆలస్యమైతే రెండూ దొరకవు. మన నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు మా అమ్మ తరంతో ఆగిపోయాయి. మేము రికార్డు చేద్దామనుకునేటప్పటికి మిషన్ నాట్లు వచ్చేశాయి.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆయన్ని అబరిస్ట్విత్ కాలేజీకి వృక్షశాస్త్ర ప్రొఫెసరుగా పిలిచారు. అప్పటికి అరవయ్యేళ్ళు. మనకి రిటైర్మెంట్ వయసులో ఆయనకి ప్రొఫెసర్ గిరీ. అక్కడ కూడా నాచు వదల్లేదు. లామినేరియా అని చల్లటి సముద్రాల్లో మనిషి పొడవు పెరిగే పెద్ద నాచు ఉంది, దాని బీజాల మీద 1912లోనే రాశారు. అంత పెద్ద మొక్క సంతానం మధ్యలో ఒక తరం కంటికి ఆనని చిన్న పోగులా బతుకుతుందని ఫ్రాన్సులో సొవాజో 1915 ప్రాంతంలో మొదట చూపించాడు. దాని ఫలదీకరణం గురించి విలియమ్స్ 1921లో చెప్పారు. 1920ల నడుమ పదవి వదిలారు. పాటల పత్రిక మాత్రం వదల్లేదు.

ఎనభయ్యేళ్ళు దాటాక తన జ్ఞాపకాల్ని వెల్ష్ భాషలో నాలుగు పుస్తకాలుగా వేశారు, 1941 నుంచి 1945 దాకా, యుద్ధం నడుస్తుండగానే. నాచు మీద పరిశోధనల్ని ఇంగ్లీషులో రాసిన మనిషి తన బతుకు కథని అమ్మ భాషలో రాసుకున్నారు. నాలుగో పుస్తకం వచ్చిన ఏడే, 1945 నవంబర్ 15న, కన్నుమూశారు. వేల్స్‌లో కాదు, ఇంగ్లండులో బాత్ పట్నం దగ్గర ఒక ఊళ్ళో.

చంద్రుడి సంగతి ఆయన పోయిన పదిహేడేళ్ళకి తేలింది. జర్మనీలో డీటర్ మ్యూలర్ డిక్టియోటాని లాబ్‌లో తొట్టెల్లో పెంచాడు. అక్కడ పోటూ లేదు ఆటూ లేదు, దీపాలతోనే పగలూ రాత్రీ. ఒక రాత్రి చీకటి బదులు వెన్నెలంత సన్నటి వెలుగు ఉంచి చూశాడు. అంతే, కొన్నాళ్ళకి మొక్కలన్నీ ఒక్క జట్టుగా అండాలు వదిలాయి, తర్వాత మళ్ళీ వెన్నెల చూపించకపోయినా దాదాపు పక్షం రోజుల లెక్క కొనసాగింది. 1962లో దీన్ని ప్రచురించాడు. అంటే నాచు లోపల ఒక గడియారం ఉంది, వెన్నెల దాన్ని సరిదిద్దుతుంది. విలియమ్స్ వెలుతురు అన్నది నిజమే, అయితే అది పగటి వెలుతురు కాదు. ఆ గడియారం తిరిగే తీరుని ఇప్పటికీ పరిశోధిస్తూనే ఉన్నారు. 1981లో మ్యూలర్ బృందమే ఇంకోటి చెప్పింది, డిక్టియోటా అండం ఒక వాసన పదార్థాన్ని నీళ్ళలోకి వదిలి మగ కణాన్ని పిలుస్తుందని.

ఫ్యూకస్ మీద కూడా పని ఆగలేదు. అమెరికాలో సుసాన్ బ్రాలీ, ఆమెతో పనిచేసిన వాళ్ళు 1996లో చూపించింది ఏమిటంటే, అలలు కొట్టే ఒడ్డున బీజాలు కొట్టుకుపోతాయన్న భయం ఉత్తదే. నాచు నీళ్ళు నెమ్మదించిన వేళ చూసే వదులుతుంది, దాదాపు అండాలన్నీ ఫలిస్తాయి. మన విశాఖ ఒడ్డున పెరిగే నాచుల సిద్ధబీజాల విడుదల మీద ఆంధ్ర విశ్వకళా పరిషత్‌లో ఎం. ఉమామహేశ్వరరావు గారు, ఆయన శిష్యులు ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. అక్కడి రాళ్ళ మీద సర్గాసమ్, పాడినా అనే గోధుమరంగు నాచులు బాగా ఉంటాయి. పాడినా చిన్న విసనకర్రలా ఉంటుంది, డిక్టియోటాకి దగ్గర చుట్టమే.

సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు చూడాలనుకునేవాళ్ళు అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తర్వాత, నీళ్ళు బాగా దిగిన వేళకి వెళ్ళండి. ఏ గంటకి దిగుతుందో పోటు పట్టికలో ఉంటుంది, చేపల వాళ్ళని అడిగినా చెప్తారు. సముద్రానికి వీపు పెట్టి వంగవద్దు. రాళ్ళు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి.